నాలుగు రోజులు మానేసిన మాత్ర

మందుల షాపు కౌంటరు వెనక ఇరవై రెండేళ్లు నిలబడి నిలబడి, ఆవిడ పాదాల కింద గచ్చు రెండంగుళాల లోతున అరిగిపోయింది. నమ్మనివాళ్లు వెళ్లి కొలుచుకోవచ్చు. తాము రాసిందేమిటో తెలియక డాక్టర్లే ఆవిడకు ఫోన్ చేసి చదివించుకునేవారు. వీధంతా మందులమ్మ అని పిలుస్తుంది. అంతటి మనిషినీ సెల్‌ఫోన్లు ఓడించేశాయి. చీటీ తెచ్చేవాళ్లు తగ్గారు, ఫోను చూపించి పాఠం చెప్పేవాళ్లు పెరిగారు.

ఆ రోజు పదకొండు మందికి నచ్చజెప్పి గొంతు ఎండిపోయిన వేళ, సొంత అక్క వచ్చి స్టూలు మీద కూలబడింది. అక్క గుండెలో ఆరేళ్ల కిందట లోహపు వాల్వు పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి.

“మానేసి నాలుగు రోజులైందే,” అంది అక్క, ఘనకార్యం చేసినట్టు.

“ఎందుకక్కా?”

“ఎలకల మందట అది! పెడితే మీ బావకు పెట్టాల్సింది గానీ, నాకా?”

అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. అది సగం నిజం కావడమే తంటా. ఎలకలను చంపడానికీ ఆ మందే వాడేవారు, కొలత వేరు. ఇదిగో చదువుకో అంటూ అక్క చాపిన ఫోను మందులమ్మ అందుకుంది. ఆ పేజీ ఎవరు రాశారో లేదు, ఎప్పుడు రాశారో లేదు. కిందికి జరిపితే మాత్రం ఆ మాత్రకు బదులంటూ ఏవో చెట్టు వేళ్ల పొడి డబ్బా అమ్మకానికుంది. ఆవిడ ఓ పెద్దాసుపత్రి పేజీ వెతికి ఇచ్చింది. డాక్టరును అడక్కుండా మానకూడదనీ, మానితే పక్షవాతం రావచ్చనీ అక్క పెదాలు కదుపుతూ చదివింది. మొహం పాలిపోయింది.

“ఆరేళ్లుగా నేను చెప్పేదీ ఇదేగా?”

“నువ్వు చెబితే అది మాటే కదే. ఇది రాసుంది.”

మందులమ్మకు కోపం కూడా రాలేదు. దానికీ ఓపిక కావాలి. మంచినీళ్లకని అటు తిరిగిందో లేదో, అక్క నాలుగు మాత్రలు అరచేతిలో పోసుకుంది.

“ఏయ్! ఏంటది?”

“మానేసినవన్నీ కలిపి వేసేసుకుంటున్నా.”

మందులమ్మ కౌంటరు దూకినంత పనిచేసి చెయ్యి పట్టుకుంది. “అన్నీ ఒకేసారి మింగితే అప్పుడవుతుంది ఎలకల మందు! వదులు!”

డాక్టరుకు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నాడు. పరీక్షలు చేశారు. రక్తం చిక్కబడింది గానీ గడ్డ ఇంకా కట్టలేదు. మాత్ర మళ్లీ పనిచేసేదాకా సూదులు వేయడానికి ఆసుపత్రిలోనే ఉంచేశారు. మంచం పక్క కుర్చీలో మందులమ్మ కాళ్లు చాపుకుంది. అక్క నర్సును సూది పేరు అడిగి, ఫోనులో కొట్టడం మొదలుపెట్టింది.

మందులమ్మ ఆ ఫోను లాక్కుందామనుకుంది కానీ అలసటకు చెయ్యి లేవలేదు.

“చదువుకో తల్లీ,” అంది కళ్లు మూసుకుంటూ. “కాకపోతే చివరిదాకా చదువు.”