యమున లాప్‌టాప్‌లో రథసప్తమి

మా కాలేజీ కంప్యూటర్ లాబ్ చూసుకునే జగన్నాధం గారు పొద్దున్నే తలుపు తీసి, బోర్డు మీద ఓ మూల ఆ రోజు తేదీ, వారం, తిథి రాసేవారు. ఆ తరవాతే మెయిన్ స్విచ్ వేసేవారు. ఇల్లు అరసవల్లిలో. ఆదిత్యుడికి దణ్ణం పెట్టుకుని వచ్చే మనిషి. తిథి దేనికండీ అని ఓసారి అడిగాను. "రాయకపోతే ఏ రోజులో ఉన్నానో తెలీదండి నాకు" అన్నారు.

పిల్లల లాప్‌టాపుల్లో పైథాన్, దానికి కావలసిన లెక్కల ప్యాకేజీలు ఎక్కించడం ఆయన పని. అందులో తనకు తెలిసింది సగమేనని ఆయనే చెప్పేవారు. తెర మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే ముందు పిల్లలకి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఆ తరవాత తను కంగారు పడేవారు.

ఆషాఢంలో ఓ రోజు యమున కొత్త లాప్‌టాప్‌తో వచ్చింది. శ్రీముఖలింగం దగ్గర రైతుల పిల్ల. వానకీ వరి దిగుబడికీ ఉన్న సంబంధం గ్రాఫు గీసి, మధ్యాహ్నం బయటి పరీక్షకుడికి చూపించాలి. ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లే చూపించాలని నియమం. గ్రాఫు రాకపోతే ప్రాజెక్టు పోయినట్టే.

"ఏటి మేస్టారూ, ఎన్నిసార్లు కొట్టినా ఎర్రగానే వస్తన్నాది!"

జగన్నాధం గారు కళ్లజోడు తుడుచుకుని చదివారు. "సర్టిఫికెట్ చెల్లదంటోంది. ఎవరి సర్టిఫికెట్టమ్మా? నీదా, నాదా?"

పెన్‌డ్రైవ్‌లోంచి పైథాన్ మళ్లీ ఎక్కించారు. ప్యాకేజీ దగ్గరకొచ్చేసరికి మళ్లీ అదే ఎరుపు. నెట్ మార్చి చూశారు. క్లాసుమేటు గిరిబాబు భోజనానికి పోకుండా తన ఫోన్ నెట్ ఇచ్చి అక్కడే నిలబడ్డాడు. అదే నెట్‌తో అతని లాప్‌టాప్‌లో ప్యాకేజీ చక్కగా దిగింది. యమున దాంట్లో దిగలేదు.

"దిష్టి తగిలినాది మేస్టారూ. నిమ్మకాయ తెమ్మంటారా?" అన్నాడు గిరిబాబు.

"నువ్వు నోర్ముయ్యరా!" అంది యమున, ఏడుపు ఆపుకుంటూ.

ఇంకెంత టైముందోనని జగన్నాధం గారు తెర మూలకి చూశారు. బోర్డు వైపు చూశారు. మళ్లీ తెర చూశారు. తనే తప్పు రాశానేమోనని సంచిలోంచి పంచాంగం తీశారు. బోర్డు మీద ఆషాఢమే ఉంది. లాప్‌టాప్‌లో మాత్రం ఎప్పుడో మాఘంలో వెళ్లిపోయిన రథసప్తమి తేదీ ఉంది.

యమున తల దించుకుంది. "మూఢంలో కొత్త వస్తువు తెరవొద్దని మా మామ్మ సెప్పింది మేస్టారూ. ప్రాజెక్టుందని ఏడిస్తే, అయితే దానికి మంచి రోజు పెట్టి తెరవే అంది. రథసప్తమి పెట్టినాను."

ఆయన నుదురు రుద్దుకున్నారు. "అదా సంగతి! ఆ ప్యాకేజీలు దిగే సైటు అసలైనదేనని ఈ మధ్యనే ఇచ్చిన సర్టిఫికెట్టు తల్లీ. నీ లాప్‌టాప్ లెక్కలో ఆ రోజింకా రాలేదు. ఎలా నమ్ముతుంది? తేదీ మార్చెయ్."

యమున చెయ్యి కదల్లేదు. "మూఢం ఎల్లేదాకా మార్సనని మామ్మకి మాటిచ్చినాను."

గిరిబాబు కూడా నవ్వలేదు. మార్చకపోతే పిల్ల ప్రాజెక్టు పోతుంది, మారిస్తే పెద్దావిడకిచ్చిన మాట పోతుంది. చివరికి జగన్నాధం గారు యమున ఫోను అడిగి తీసుకుని, ఆ మామ్మకే కలిపారు. ఆవిడ పేరు దాలమ్మ.

"పిల్లకేటయినాది బాబూ?"

"పిల్ల బాగుందమ్మా. తేదీయే అడ్డొచ్చింది" అని సంగతంతా చెప్పారు.

"మూఢంలో కొత్తది తెరిపిస్తారా? సదువుకున్నోరు, మీకు తెలీదేటి?"

"తెలుసమ్మా. మేమూ పాటిస్తాం. అందుకే నా చేత్తో మార్చలేక మీకు ఫోన్ చేశాను." ఆయన గొంతు తగ్గింది. "నాకో సాయం చెయ్యండమ్మా. ఆదిత్యుణ్ణి తలుచుకుని, మార్చుకోవే అని పిల్లకి మీ నోటితోనే ఒక్క మాట చెప్పండి."

ఫోను స్పీకర్లో పెట్టి యమున ముందుంచారు. "ఆదిత్యుడే సూసుకుంటాడు, మార్సుకోవే" అని దాలమ్మ గొంతు వినిపించగానే యమున చెయ్యి తేదీ మీదకి వెళ్లింది.