మామ కారు కొలతలు

నంద్యాలలో నేను పళ్ల డాక్టర్ని. మా వీధిలో మాత్రం బొమ్మకార్ల డాక్టరంటారు. ఆ పేరు పెట్టిందెవరో నాకు తెలుసు. మా ఇంట్లోనే ఉంటుంది, రోజూ నాకు అన్నం పెడుతుంది కాబట్టి ఏమీ అనలేను.

మా అమ్మాయి చిన్నప్పుడు పుట్టినరోజుకని ప్లాస్టిక్ ఇటుకల పెట్టె ఒకటి కొన్నాను. ఒక్కో ఇటుక మీద చిన్న చిన్న బొడిపెలుంటాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టిక్కుమని పట్టుకుంటాయి, లాగితే ఊడతాయి. పెట్టె మీదున్న ఎర్ర కారును చూసి అమ్మాయి ఒక సాయంత్రం అచ్చం అలాగే కట్టేసింది. కొన్నాళ్లు నేలమీద అటూ ఇటూ తోసింది, తర్వాత మరిచిపోయింది. తను పెరిగి పెద్దదై చదువుకని హాస్టల్‌కు వెళ్లిపోయింది. ఆ పెట్టె నా చేతికొచ్చింది. నేను మాత్రం పెరగలేదు.

పెట్టెలో చెప్పినట్టు కట్టడం నాకు నచ్చలేదు. పంటికి తొడుగు చేసేటప్పుడు పక్క పన్నుకూ దానికీ తేడా వెంట్రుకవాసి కూడా కనబడకూడదు. అలాంటి పని చేసే చేతికి ఒక కారు ఎంత అనుకున్నాను. రోడ్డు మీద తిరిగే అసలు కార్లలా ఉండేవి నేనే సొంతంగా తయారు చేస్తానని, ఇంకొన్ని పెట్టెలు కొని మొదలుపెట్టాను. మొదటి కారు పూర్తయ్యాక తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసింది.

"ఏందిది, బీరువాకు చక్రాలు పెట్టినారా?" అంది.

ఇంట్లోవాళ్లకు కళ తెలియదని దాన్ని క్లినిక్‌కు తీసుకెళ్లాను. అద్దాల అలమరాలో, ప్లాస్టర్ దవడల పక్కన పెట్టాను. గోస్పాడు నుంచి ఒక రైతు దవడ పన్ను పీకించుకోడానికి వచ్చాడు. మత్తు ఎక్కేదాకా నోట్లో దూది పెట్టి కూర్చోబెడితే, ఆయన అలమరా వైపు వేలు చూపించి ఏదో అన్నాడు. మెచ్చుకుంటున్నాడేమోనని ఆశపడి దూది తీశాను.

"అది బోరేసే లారీనా సార్?" అన్నాడు.

దూది మళ్లీ పెట్టేశాను.

అలా దెబ్బలు తినీ తినీ కొంత నేర్చుకున్నాను. కారు కట్టడం పైనుంచి మొదలుపెట్టకూడదు, చక్రాల నుంచి మొదలుపెట్టాలి. దొరికే చక్రం ఎంత ఉందో చూసి, దాన్నిబట్టి తక్కిన కారంతా ఎంత ఉండాలో లెక్కేసుకోవాలి. ఇటుకలన్నీ బొడిపెలు పైకి ఉండేలా పేర్చుకుంటూ పోతే మెట్లు మెట్లుగా కనబడుతుంది. కొన్నిటిని పక్కకు తిప్పి గోడకు అంటించినట్టు పెడితే తలుపులు నున్నగా వస్తాయి. ఇవన్నీ తెలిశాక నా కార్లు కార్లలాగే కనబడసాగాయి. దాంతో నాకు పొగరెక్కింది. చతురస్రంగా ఉండే కొత్త కార్లు ఎవరైనా చేస్తారు, ఒళ్లంతా గుండ్రంగా ఉండేదాన్ని చేయాలి అనుకున్నాను. అంటే అంబాసిడర్.

ఆళ్లగడ్డలో మా మామకు, అంటే మా ఆవిడ నాన్నకు, తెల్ల అంబాసిడర్ ఉంది. మామ రైతు. శనగ, జొన్న వేస్తాడు. మాట తక్కువ, ఉన్న మాట కత్తిపీటలా ఉంటుంది. ఆ కారును పెళ్లిళ్లకో, ఎప్పుడన్నా చేను చూసిరావడానికో తప్ప బయటికి తీయడు. ఫోటోలు చూసి చేద్దామంటే ఏ ఫోటోలోనూ బానెట్ వంపు సరిగ్గా దొరకలేదు. ఒక ఆదివారం టేపూ, క్లినిక్‌లో పన్ను మందం చూసే కాలిపరూ సంచిలో వేసుకుని బస్సెక్కాను. శిలలు చెక్కే షెడ్ల దగ్గర దిగి నడిచి వెళ్లేసరికి మామ ఇంట్లో లేడు. చేను దగ్గరికి పోయాడని చెప్పి అత్త మజ్జిగ ఇచ్చింది. ఇదే మంచి అదను అనుకున్నాను.

బానెట్ పొడవు, అద్దం వాలు, తలుపు ఎత్తు అన్నీ కొలుచుకున్నాను. చక్రం మధ్య నుంచి మధ్యకు కొలవడానికి కారు కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాను. అప్పుడే చెప్పుల చప్పుడైంది.

"ఎవుర్రా అది కారు కింద?"

"నేనే మామా."

"నువ్వా! ఏం పడిపాయ?"

"ఏం పడలేదు మామా. కొలుస్తాండా."

"యాల?"

ఏభై దగ్గరపడుతున్న అల్లుడు, నలుగురి నోళ్లు బాగుచేసే డాక్టరు, కారు కింద పడుకుని 'బొమ్మ చేసుకోడానికి మామా' అని ఎలా అంటాడు? "ఊరికే" అన్నాను. బయటికి వచ్చేసరికి చొక్కా వెనకంతా గ్రీజు. మామ అరుగు మీద కూర్చుని నా చేతిలో ఉన్న టేపును చూస్తున్నాడు.

"కారు కావాలనుంటే నోటితో అడగాలప్పా. టేపు పెట్టి కొల్చేదేంది? మీ ఇంటి గేట్లో పడుతాదా లేదా అనా?"

ఇక దాచి లాభం లేదని నిజం చెప్పాను. ప్లాస్టిక్ ఇటుకలతో బొమ్మ చేస్తున్నానని, దానికే కొలతలని. మామ నవ్వలేదు.

"పళ్ల డాక్టరు బొమ్మలు చేస్తాడా? చెప్పేదన్నా నమ్మేతట్ల చెప్పు" అని లోపలికి వెళ్లిపోయాడు.

నేను నంద్యాల చేరేలోపే కబురు చేరింది. మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"మా నాయన తావ కారడిగినారంట?"

"అడగలేదు. కొలిచినా."

"కొలిచేదీ అడిగేదీ ఒగటే కదా! మా నాయన మధ్యాన్నం అన్నం గూడా తిన్లేదంట. అమ్మ చెప్పింది."

ఆ వారమంతా బంధువులు ఫోన్లు చేశారు. గడివేములలో ఉండే మా ఆవిడ చిన్నాయన, ముసలాయన కారు మీద కన్నేయడం బాగాలేదప్పా అని నాకు నీతి చెప్పాడు. మిడుతూరు నుంచి మరో చుట్టం, కారు నాకొద్దంటే తనకిప్పించమన్నాడు. చివరికి మామే ఫోన్ చేశాడు.

"అల్లుడూ, ఆలోచన చేసినా. నేనిప్పుడు యాడికి పోతాండా దాంట్లో? నువ్వైతే బాగా చూస్కుంటావ్. వచ్చే ఆదివారం వచ్చి తీస్కపో. కడిగి పెడ్తా."

నేను వద్దని చెప్పేలోపు పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. స్పీకర్లో విన్న మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఎట్ల చెప్పినాడో విన్నారా? నన్ను అప్పగించేటప్పుడు గూడా మా నాయన గొంతు అట్ల పోలేదు."

ఇక దారి ఒక్కటే. ఆదివారంలోపు బొమ్మ పూర్తి చేసి మామ ముందు పెట్టాలి. అదే నా సాక్ష్యం.

క్లినిక్‌లో మధ్యాహ్నం భోజనం వేళ తలుపులు మూసుకుని కట్టసాగాను. బానెట్ మూడుసార్లు ఊడదీశాను. ఒకసారి కప్ప మూతిలా వచ్చింది, ఒకసారి బోర్లించిన మూకుడులా వచ్చింది. మధ్యలో ఒక వరుసను అర బొడిపె పక్కకు జరిపాక గానీ ఆ ఉబ్బు కుదరలేదు. కుదిరిందనుకునేసరికి, కింద రెండు పలచటి పలకలు తారుమారుగా పెట్టానని తెలిసింది. అవి ఒకదానికొకటి అంటుకుపోయి గోరుకు రావడం లేదు. పన్ను గారలు తీసే కొక్కెంతో అయితే ఊడతాయి. కానీ కొక్కేలన్నీ స్టెరిలైజర్‌లో ఉడుకుతున్నాయి.

సీసా మూతలు పంటితో తీయకండి, దారాలు పంటితో తెంపకండి అని వచ్చిన ప్రతి మనిషికీ చెబుతాను. గోడ మీద బొమ్మ వేయించి మరీ పెట్టాను. సరిగ్గా ఆ బొమ్మ కిందే కూర్చుని, పలకలను నోట్లో పెట్టుకుని ముందు పళ్లతో కొరికాను. టిక్కుమంది. పలకలు ఊడాయనుకున్నాను. అవి అలాగే ఉన్నాయి. ఊడింది నా పన్ను చెక్క.

సొంత పన్ను సొంతంగా కట్టుకోలేం. నోటికి చేయి అడ్డం పెట్టుకుని, ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకుని పక్క వీధిలో క్లినిక్ పెట్టుకున్న అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఆమె దీపం కిందికి లాగి చూసింది.

"ఏం కొరికినారు సార్?"

"జామకాయ."

ఆమె పరికరంతో పన్ను సందు నుంచి ఏదో తీసి నా కళ్లముందు పెట్టింది. తెల్లటి ప్లాస్టిక్ తునక.

"ఇది జామకాయలో ఉండిందా సార్?" అంది చాలా మర్యాదగా. నోరు తెరిచి ఉంది కాబట్టి జవాబు చెప్పే పని తప్పింది.

చివరికి కొక్కెంతోనే పలకలు ఊడదీసి బొమ్మ పూర్తి చేశాను. ఆదివారం దాన్నీ, కొన్ని విడి ఇటుకలనూ అట్టపెట్టెలో పెట్టుకుని ఆవిడా నేనూ ఆళ్లగడ్డ వెళ్లాం. అసలు కారు కడిగి, తుడిచి, నీడలో పెట్టి ఉంది. తాళంచెవి అరుగు మీద ఉంది. మామ తెల్లచొక్కా వేసుకుని, పక్క ఊరికి పెళ్లికి పోతున్నవాడిలా కూర్చున్నాడు. నేను పెట్టె తెరిచి బొమ్మను తాళంచెవి పక్కన పెట్టాను.

మామ చాలాసేపు చూశాడు. వంగి చూశాడు. వేలితో చక్రం తిప్పాడు.

"నువ్వే చేసినావా?"

"నేనే మామా."

"అయితే నిజంగానే నీకు కారొద్దు?"

"వద్దు మామా. మా వీధిలో దాన్ని పెట్టేకి తావు గూడా లేదు."

మామ తాళంచెవి తీసి జేబులో వేసుకున్న వేగం చూడాలి. ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. అత్తను కేకేసి కాఫీ పెట్టమన్నాడు. మళ్లీ బొమ్మను ఎత్తి పక్కకు తిప్పాడు.

"అంతా బాగుండాది. సొట్ట యాడ?"

అసలు కారుకు ఎడమవైపు వెనక తలుపు కింద ఒక సొట్ట ఉంది. నేను చూశాను, కానీ అది కారు స్వరూపం కాదని వదిలేశాను. అదే చెప్పాను.

"సొట్ట ల్యాకుంటే అది నా కారెట్లయితాదప్పా?" అన్నాడు మామ. కూతురి వైపు చూశాడు. "ఇది పుట్టే పొద్దు మీ అత్తకు నొప్పులొస్తాంటే నంద్యాల ఆస్పత్రికి తీస్కపోతాంటి. దారిలో ఎవురిదో ఎద్దు బెదిరి వచ్చి గుద్దింది. దిగి చూడల్యా. అట్లనే తోలుకుంటా పోయినా. మళ్ల బాగుచేపిద్దామంటే మనసు రాల్యా."

మా ఆవిడ ఆ సంగతి అప్పుడే మొదటిసారి వింటోంది. వెళ్లి అసలు కారు పక్కన వంగి, ఆ సొట్ట మీద చేయి పెట్టి చూసింది.

నేను అరుగు మీద కూర్చుని సొట్ట పని మొదలుపెట్టాను. నున్నగా రావడానికి నానా తిప్పలూ పడ్డ తలుపును ఇప్పుడు చెడగొట్టాలి. ఒక పలకను కొంచెం లోపలికి జరిపి పెట్టాను. మామ చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఎద్దు గుద్దింది అల్లుడూ, లారీ కాదు."

మళ్లీ తీసి, అంతకంటే చిన్నదాన్ని ఏటవాలుగా పెట్టాను. మామ కళ్లు చిట్లించి, లేచి వెళ్లి అసలు సొట్ట చూసి వచ్చి, "ఆఁ, ఇప్పుడు సరిపాయ" అన్నాడు. నా చేతి పనిని ఎవరైనా ఒప్పుకోవడం అదే మొదటిసారి. నా కొత్త పన్ను కనబడేలా నవ్వాను.

అప్పటిదాకా వాకిట్లో నిలబడి చూస్తున్న అత్త దగ్గరికొచ్చింది. "పైన ఊడుతాదా?" అని అడిగింది. ఊడుతుందని టాపు తీసి చూపించాను. ఆమె లోపలికి తొంగి చూసింది. బయటికి కనబడదు కదా అని లోపల నేనేమీ కట్టలేదు. వట్టి బొడిపెలున్నాయి.

"నేను పండుకోనుండిన సీటు ల్యాదే" అంది అత్త.

ఆ మాటకు మామ కూడా లోపలికి తొంగి చూశాడు. నా వైపు చూసిన చూపులో, ఇంతసేపూ ఇచ్చిన మెప్పంతా వెనక్కి తీసుకున్నట్టు తెలిసింది.

"ఏం రంగు అత్తా?" అని అడిగాను. ఇప్పుడున్న సీట్లు గోధుమరంగువి.

"అప్పుడు పచ్చవి. ఆకుపచ్చ. ముదురు పచ్చ గాదు, లేత జొన్న మాదిరి."

నా దగ్గరున్న పెట్టెల్లో ఎరుపుంది, నీలముంది, ముదురు పచ్చ కూడా ఉంది. లేత జొన్న పచ్చ లేదు. దొరికే చోటు వెతికి తెప్పిస్తున్నాను, ఇంకా రాలేదు. మామ పొద్దున్నే ఫోన్ చేస్తున్నాడు. నేను రోగి నోట్లో చేయి పెట్టి ఉన్నా సరే, ఎత్తి జవాబు చెప్పాల్సిందే.

"ఏమప్పా డాక్టరూ, సీటు వచ్చిందా? మీ అత్త అడుగుతాంది."