కల్వర్టు దగ్గర నిలబడ్డది నేను కాదు

దయ్యాల సంగతులు చెప్పేవారిని నేను ప్రశ్నలతో విసిగించేవాణ్ణి. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, అప్పుడు వెలుతురు ఎట్లా ఉంది అని అడిగితే చాలామంది రెండో ప్రశ్నకే లేచి వెళ్లిపోయేవారు. ఇప్పుడు నేను చెప్పేది మా బంధువులు వినడం లేదు. నా గురించి వారు చెప్పుకుంటున్నది అబద్ధమని నాకు తెలుసు. దాన్ని అబద్ధమని నిరూపించడానికి వెళ్లి నేను తెలుసుకున్నది మాత్రం నాకు అర్థం కావడం లేదు. రెండూ దాచకుండా రాస్తున్నాను.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సారంగాపూర్‌లో ఉన్నప్పుడు వాన ఎంత పడిందో కొలిచి రాయడం నా పనుల్లో ఒకటి. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. జగిత్యాలలో మా డాబా మీద ఉష్ణమాపకం పెట్టుకున్నాను. రోజూ పొద్దున చలి ఎంత ఉంది, గాలి ఎటు నుంచి వీస్తోంది, పొగమంచు పట్టిందా లేదా అన్నది రాసి తారీఖు వేస్తాను.

క్రిస్మస్ సెలవులు దగ్గర పడుతుంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక చెత్త మొదలవుతుంది. ఏ దేశంలోనో మంచు కురిసిన ఫొటో పెట్టి, రేపు జగిత్యాల ఇట్లనే ఉంటది అని పంపుతారు. చదువుకున్నవాళ్లే పంపుతారు. అది భరించలేక, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దారుల్లో సెలవుల నాటికి వాతావరణం ఎట్లా ఉండబోతుందో ప్రతి ఏడాదీ నేనే రాసి పెట్టడం మొదలుపెట్టాను. నేను గ్రాంథికంగా రాస్తానని పిల్లలు నవ్వుతారు. ప్రయాణికులు సూర్యోదయానంతరమే బయలుదేరవలెను అని రాస్తే, ‘మామ ఆకాశవాణి అచ్చింది’ అంటారు. నవ్వుతూనే పాటిస్తారు. ఒకసారి పొగమంచు ఉండదని నేను రాసింది తప్పని తెల్లవారాక తెలిసింది. ఎవరూ ఫోన్ ఎత్తకపోతే స్కూటర్ మీద కోరుట్ల బస్టాండుకు వెళ్లి మావాళ్లను బస్సులోంచి దింపాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

పోయిన చలికాలం నేను రాసింది ఇది: ఉత్తరపు గాలి పొడిగా వీచును, చలి ఎక్కువగా ఉండును, ఈ దారులలో పొగమంచు ఉండదు, తెల్లవారగానే నిర్భయంగా బయలుదేరవచ్చును.

మా చెల్లెలు లక్ష్మి సిరిసిల్లలో ఉంటుంది. ఆమె భర్త మల్లేశం సాంచాల ఆసామి. సాంచాలంటే మరమగ్గాలు. మల్లేశం తల్లి కోరుట్లలో కూతురి దగ్గర ఉండేది. చాలా రోజులుగా మంచం పట్టింది. పనివాళ్లకు సెలవులివ్వగానే పోయి తల్లి దగ్గర ఉండాలని మల్లేశం అనుకున్నాడు. సెలవులు మొదలైన పొద్దుననే కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. ముసలావిడకు ఊపిరి అందడం లేదు, కొడుకు పేరే పలుకుతోంది, వెంటనే రమ్మన్నారు. దారిలో మంచు ఉండదని నేను రాసిందే కదా అని లక్ష్మి, మల్లేశం కారులో బయలుదేరారు.

ఆ సమయంలో నేను జగిత్యాలలో మా ఇంట్లో ఉన్నాను. డాబా ఎక్కి ఉష్ణమాపకం చూశాను. ఆకాశం నిర్మలంగా ఉంది. కిందికి దిగి పాలాయనతో గొడవ పడ్డాను. పాలల్లో నీళ్లు ఎక్కువైనాయంటే, ‘సలికి బర్రెలు నీళ్లు ఎక్కువ తాగుతున్నయి సారూ, నన్నేం జెయ్యమంటవ్’ అన్నాడు. ఎదురింటి రిటైర్డ్ టీచరు గేటు దగ్గర నిలబడి ఈ పంచాయితీ అంతా విన్నారు. ఇద్దరూ సాక్షులే. ఎవరైనా వెళ్లి అడగవచ్చు.

ఎండ బాగా ఎక్కిన తర్వాత లక్ష్మి ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

“అన్నా, అత్తమ్మ పోయింది. మేము రాకముందే పోయింది.”

నేను ఓదార్చబోయాను. ఆమె నన్ను మాట్లాడనివ్వలేదు.

“నువ్వెందుకు ఆపినవన్నా? ఆయన ఎంత మొత్తుకున్నడు, ఇనకపోతివి. కారెక్కుమంటె ఎక్కకపోతివి. గా మంచులకెల్లి ఎటు పోయినవ్?”

ఏ మంచు, ఎవరు ఆపారు అని నేను అడుగుతుంటే మల్లేశం ఫోన్ గుంజుకున్నాడు. “అడిగేది సూడు, అడిగేది!” అని పెట్టేశాడు.

వారు చెప్పేది ఇది. వేములవాడ దాటి కోరుట్ల రోడ్డు మీద ఒక కల్వర్టు ఉంది. అక్కడికి వచ్చేసరికి ఎదురుగా గోడ కట్టినట్టు పొగమంచు కనిపించింది. దాని ముందర రోడ్డు మధ్యలో నేను చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉన్నాను. మంకీ క్యాప్, బూడిదరంగు స్వెటర్. కారు ఆగితే కిటికీ దగ్గరకు వచ్చి, సూర్యుడు పైకి వచ్చు వరకు ప్రయాణము వాయిదా వేసుకొనవలెను అన్నాను. తల్లి ప్రాణం మీద ఉన్నదని మల్లేశం చెబితే మళ్లీ అదే మాట అన్నాను.

నేను అట్లా రాస్తాను. నోటితో అట్లా ఎన్నడూ మాట్లాడను. ఆ స్వెటర్ మోచేతుల దగ్గర చిరిగితే అంతకు ముందు ఏడాదే ఎవరికో ఇచ్చేశాను.

ఎందుకు ఆగారు అని ఎవరికైనా అనుమానం రావచ్చు. మా కుటుంబాల్లో బయలుదేరినవారికి పెద్దవాడు అడ్డం వచ్చి పోవద్దంటే ఆ మాట దాటి పోరు. కూర్చుని, నీళ్లు తాగి, ఆగి పోతారు. భార్య తోడబుట్టినవాడి మాటకు మరీ విలువ. పైగా బస్టాండు సంగతి అందరికీ తెలుసు. రాసింది తప్పని తేలి నేనే ఉరికి వచ్చానని అనుకున్నారు. నాకు ఫోన్ చేయలేదు. నేను ఎదురుగానే నిలబడి ఉంటే ఎందుకు చేస్తారు? ఎండెక్కి మంచు విడిపోయేదాకా కారులోనే కూర్చున్నారు. అప్పటికి నేను అక్కడ లేనట. కోరుట్లలో ముసలావిడ చివరిదాకా “మల్లేశం అచ్చిండా?” అని అడుగుతూనే పోయిందట.

దినాల నాడు కోరుట్లకు వెళ్లాను. వెళ్లకపోతే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. గుమ్మం దగ్గరే ఒకాయన అందరికీ వినపడేటట్టు, “జరుగున్రి, జరుగున్రి, మంచు మామ అచ్చిండు” అన్నాడు. ఇంకొకాయన, “ఇయ్యాల కాకులు అస్తయా రావా, గది సుత రాసి పెట్టినవా?” అన్నాడు. పిండం పెట్టే చోట అనే మాటలా అవి? పాలాయన సంగతి, ఎదురింటి టీచరు సంగతి వివరంగా చెప్పాను. ఎవరూ వినలేదు. మల్లేశం నా వైపు చూడలేదు. నేను భోజనం చేయకుండా లేచి వచ్చాను. ఎవరూ ఆపలేదు.

ఆ కోపంతోనే ఆ కల్వర్టు దగ్గరకు వెళ్లాను. దుఃఖంలో ఇద్దరూ భ్రమపడి ఉంటారని, ఎవరినో చూసి నేననుకుని ఉంటారని నా నమ్మకం. రోడ్డు పక్కన పసుపు చేను ఉంది. ఒక ఆడమనిషి గట్టు మీద బర్రెలను మేపుతోంది. నేను స్కూటర్ దిగి, అమ్మా అని పిలవబోయే లోపలే ఆమె నన్ను చూసి కర్ర పైకెత్తింది.

“మల్ల అచ్చినవా? మొన్న రోడ్డు మీద అడ్డం నిలవడి నా బర్లను దాటనియ్యకపోతివి. పోనియ్యయ్యా అంటె, ఏందో పుస్తకాల సదివినట్టు మాట్లాడితివి. రోడ్డు నీ అయ్యదా?”

ఆమెను అంతకు ముందు నేనెన్నడూ చూడలేదు. ఏ రోజున అని అడిగాను. కారు ఆగి ఉన్న పొద్దున, లోపల ఒక మొగాయన, ఒక ఆడామె అని చెప్పింది. మంచు ఎంత దట్టంగా ఉంది అని అడిగాను.

“మంచా?” అని ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. “ఏడిదయ్యా మంచు? ఎండ కండ్లల్ల కొడుతుంటె.”

నా పక్షాన సాక్ష్యం కోసం వెళ్లినవాణ్ణి. ఈ మాట నేను ఎవరికీ చెప్పకుండా ఉండవచ్చు. కానీ నాకు అనుకూలమైనదే రాసి మిగతాది వదిలేయడం నా జీవితంలో లేదు. నేరుగా సిరిసిల్ల వెళ్లాను.

మల్లేశం సాంచాల మధ్య ఉన్నాడు. ఆ చప్పుడులో నేను గొంతు చించుకుని అంతా చెప్పాను. బర్రెల ఆమె నన్ను గుర్తుపట్టిన సంగతి కూడా చెప్పాను. ఆయన చేతి దగ్గరున్న సాంచ ఒక్కటి ఆపాడు. మిగతావి నడుస్తూనే ఉన్నాయి.

“బావా, నువ్వే అచ్చినవని ఒక్క మాట ఒప్పుకో. మాకేమన్న అయితదేమో అని బుగులువట్టి ఆపిన అను. నేను మరిచిపోత. నువ్వు కాదంటె నేనెవలి మాట ఇని ఆగిన? మా అవ్వ నన్ను పిలుస్తుంటె నేను ఎవలి కోసం గా కారుల కూసున్న?”

అవునంటే ఆ పూటతో వైరం తీరిపోయేది. ఆయన ముఖం చూస్తే అనాలనే అనిపించింది. కానీ నేను వెళ్లలేదు. వెళ్లలేదనే చెప్పాను. ఆయన ఆపిన సాంచను మళ్లీ నడిపించాడు.

లక్ష్మి నా వెనకాలే గల్లీ చివరిదాకా వచ్చింది. స్కూటర్ తీస్తుంటే హ్యాండిల్ పట్టుకుని, నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

“అన్నా, ఇప్పుడు అచ్చింది నువ్వేనా?”

“నేనే చెల్లే” అన్నాను.

“ఆ పొద్దు కల్వర్టు కాడ సుత గిట్లనే అడిగిన” అంది ఆమె. “గిట్లనే చెప్పినవ్.”