బర్రెతో ఫోన్ మాట్లాడిన ఏడాది

ఆ రోజుల్లో నేను లేకపోతే మా ఇల్లు నడవదని నాకు గట్టి నమ్మకం. పదిహేడేళ్ల వయసులో చాలామందికి ఇలాంటి నమ్మకం ఒకటి ఉంటుంది, పెద్దయ్యాక సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. నేను చెబుతున్నానంటే నా దగ్గర రుజువు ఉండేది కాబట్టి. ఆ రుజువు నారాయణఖేడ్‌లో మా ఇంటి వెనక కొట్టంలో నాలుగు కాళ్ల మీద నిలబడి, నుదుటి మీద తెల్లమచ్చతో, తీరిగ్గా నెమరు వేస్తూ ఉండేది. దాని పేరు సుక్కి. మా బర్రె. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే, మంచు పట్టిన తెల్లవారుజామున దాని ముక్కులోంచి వచ్చే వెచ్చని ఆవిరి నా మోచేతికి తగిలినట్టే ఉంటుంది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా సుక్కి ఈనింది. కొద్ది రోజులకే దుడ్డె చచ్చిపోయింది. దూడ లేని బర్రె పాలు చేపడమంటే మాటలు కాదు. పొదుగు నిండా పాలు పెట్టుకుని, ఎవరు చెంబు పట్టుకుని దగ్గరికి వెళ్లినా కాలు విదిలించేది. అమ్మ బతిమాలింది, బాపు తిట్టాడు, నాయనమ్మ (ఆమె పుట్టిల్లు కంగ్టి దాటాక కన్నడ దేశంలో) "యాకె తాయీ, యాకె?" అని కన్నడంలో కారణం అడిగింది. సుక్కి ఏ భాషలోనూ జవాబివ్వలేదు. అప్పటికి నా పరీక్షలు దగ్గర పడ్డాయి. ఇంట్లో చదివితే అమ్మ ఏదో ఒక పని చెబుతుందని, పొద్దున్నే పుస్తకం పట్టుకుని కొట్టంలో గడ్డిమోపు మీద కూర్చుని మూలకాల పేర్లు వరసగా బట్టీ పట్టేదాన్ని. హైడ్రోజన్, హీలియం, లిథియం, బెరీలియం... ఒకరోజు నియాన్ దాకా వచ్చేసరికి సుక్కి పొదుగు నుంచి పాలు వాటంతట అవే చుక్కలు చుక్కలుగా రాలడం చూశాను. పుస్తకం పారేసి చెంబు అందుకున్నాను. ఆ రోజు నుంచి పాలు పితకడం నా పని అయిపోయింది. సుక్కి నియాన్ దగ్గర చేపేది, ఒక్కో పేరూ సాగదీసి చదువుతూ కాల్షియం దగ్గరికి వచ్చేసరికి చెంబు నిండేది (పాలలో ఉండేది అదేనని దానికి ఎవరు చెప్పారో). ఆ పాలు బస్టాండు దగ్గరి చాయ్ హోటల్‌కు పోయేవి. మా కంది చేను వానను బట్టి ఒక ఏడు పెట్టేది, ఒక ఏడు మొండిచెయ్యి చూపేది కనుక ఇల్లు నిజంగా గడిచేది ఆ పాలతోనే.

ఫలితాలు వచ్చాయి. హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్ కూడా దొరికింది. బాపు మొహం ముడుచుకున్నాడు. "ఖేడ్ల కాలేజి లేదా? గీడ సదివితే సదువు ఎక్కదా?" అన్నాడు. అమ్మ రొట్టె కొట్టే చప్పుడు పెద్దదైంది (మా అమ్మ అభిప్రాయాలన్నీ జొన్నరొట్టె మీదే తెలియజేసేది). చివరికి నాయనమ్మే కలగజేసుకుంది. "పోనియ్‌రా. నన్ను గీ ఊరికిచ్చి పెండ్లి జేసినప్పుడు పోతవా అని నన్నెవరన్న అడిగిండ్రా? అది సదువుకునేటందుకు పోతుంది గద!" బాపు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. ఒక్క యాడాది సూస్త. ఇల్లు ఆగమైతే మాత్రం ఇగ మాట్లాడేది లేదు, వాపస్ వచ్చి గీడనే సదవాలె" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. వెళ్లాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. నేను వెళ్లాక ఇల్లు కొంచెం, మరీ ఎక్కువ కాదు, కొంచెం ఆగం కావాలని కూడా లోపల ఉంది.

బస్టాండులో ఎవరూ ఏడవలేదు. బాపు కండక్టర్ దగ్గరికి వెళ్లి "మా బిడ్డ. జర మెల్లగ పోనియ్" అని చెప్పాడు, బస్సు నడిపేది ఆయనే అన్నట్టు. కండక్టర్ కూడా పెద్దమనిషి తరహాలో తలూపాడు. బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూస్తే అమ్మ చెయ్యి ఊపుతోంది, నాయనమ్మ చెయ్యి ఊపుతోంది, బాపు మాత్రం ఏదో లోపం కనిపెట్టినవాడిలా బస్సు టైర్ల వంకే చూస్తున్నాడు.

నేను కోరుకున్నట్టే ఇల్లు ఆగమైంది. సుక్కి పాలు ఎగబట్టింది. అమ్మ నా పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని, నా పసుపు చున్నీ కప్పుకుని కొట్టంలోకి వెళ్లింది (అమ్మ జీవితంలో చీర తప్ప మరొకటి కట్టింది అప్పుడే, దానికి సాక్షి బర్రె ఒక్కటే). సుక్కి వాసన చూసి, కాసేపు ఆలోచించి, చెంబును తన్నింది. మర్నాడు ఇంకా చీకటి విడవకముందే హాస్టల్లో నా ఫోన్ మోగింది. "బిడ్డా, పరేషాన్ జేస్తుంది. ఫోను దాని చెవు కాడ వెడ్తున్న, నువ్వు మాట్లాడు" అన్నాడు బాపు. నిద్రమత్తులో "సుక్కీ, మంచిదానివి గదా" అని బుజ్జగించాను. లాభం లేదు. వెనక నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "గట్ల గాదే! గా సదువు సదివేదానివి సూడు, గది సదువు!"

దుప్పటి కప్పుకుని వరండాలోకి వెళ్లి, గోడకు ఆనుకుని మొదలుపెట్టాను. హైడ్రోజన్, హీలియం, లిథియం... నియాన్ దాటి సోడియం అంటుండగా ఫోన్‌లో పాలధార చెంబు అడుగున పడే చప్పుడు జుయ్‌మని వినిపించింది. ఆ తర్వాత రోజూ అదే పని. సాయంత్రం పితికే వేళకు నేనింకా కాలేజీలోనే ఉండేదాన్ని కాబట్టి ఆ పూట పితకడం ఇంట్లోవాళ్ల తంటా. పొద్దుటి పూట మాత్రం నాది. ఆ పావుగంటలో నేను హైదరాబాద్‌లో ఉండేదాన్ని కాదు. కళ్లు మూసుకుంటే చాలు, ధార చప్పుడు మెల్లగా నురగలో మునిగి మెత్తబడడం, అమ్మ వాకిలి ఊడ్చే చీపురు, నాయనమ్మ దగ్గు, దూరంగా డిపోలోంచి బయటికి వచ్చే మొదటి బస్సు హారను, అన్నీ ఫోన్‌లోంచి పొగమంచులా వచ్చి నా చుట్టూ పరుచుకునేవి. నా పెదాలు సిలికాన్, ఫాస్ఫరస్, సల్ఫర్ అంటుండేవి. నేను మాత్రం కొట్టంలో గడ్డిమోపు మీద కూర్చుని ఉండేదాన్ని. కాల్షియం తర్వాత బాపు "అయిపోయింది బిడ్డా, ఉంట" అని పెట్టేసేవాడు. నా గురించి ఒక్క ముక్క అడిగేవాడు కాదు. బర్రె తప్ప ఈయనకు ఇంకేమీ పట్టదని నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు వార్డెన్ మేడమ్ చూసింది. తెల్లారకముందే ఆడపిల్ల ముసుగు కప్పుకుని ఫోన్‌లో గుసగుసలాడుతోంది, పైగా అర్థం కాని మాటలు! "ఎవరమ్మా ఫోన్‌లో?" అంది. కంగారులో నిజమే చెప్పాను. "మా బర్రె మేడమ్." ఆమె నా వంక జాలిగా చూసి, చెయ్యి చాచి ఫోన్ తీసుకుని చెవికి పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే అవతల సుక్కి గట్టిగా ఒక శ్వాస వదిలింది, దాని వెనకే బాపు "ఆగకు బిడ్డా, ఆగకు, ఇప్పుడే చేపింది!" అని అరిచాడు. మేడమ్ ఫోన్ నా చేతిలో పెట్టి, "ముందు అది పూర్తి చెయ్యి" అంది. ఆ రోజు నుంచి నాకు మెలకువ రాకపోతే ఆమే తలుపు కొట్టేది. "లే, మీ బర్రె వెయిటింగ్‌లో ఉంది."

అలా కొన్ని నెలలు గడిచాయి. పెసర చేను వానలకు కుళ్లిపోయింది, కంది బాగా లేచింది. ఫోన్ ఒకసారి కుడితి బకెట్‌లో పడి, బియ్యం డబ్బాలో ఎండి, మళ్లీ బతికింది. హాస్టల్లో నేను మాత్రం బాగా లేను. పగలు క్లాసులో ఇంగ్లీషు పాఠాలు తల మీదుగా వెళ్లిపోయేవి. నా మాట తీరు విని పక్క బెంచీవాళ్లు నవ్వేవారు. మొదటి పరీక్షలో, ఎవరికైనా చెబితే నమ్మరు, కెమిస్ట్రీలోనే తప్పాను. ఆ రోజు మంచం మీద బోర్లా పడుకుని తనివితీరా ఏడ్చి, ఒక నిర్ణయానికి వచ్చాను. ఇంటికి వెళ్లిపోవాలి. ఓడిపోయి వచ్చానంటే పరువు తక్కువ. బర్రె కోసం వచ్చానంటే త్యాగం. ఆ మాట ఎంత గొప్పగా వినిపించిందంటే, కళ్లు తుడుచుకుని అప్పటికప్పుడు పెట్టె సర్దేశాను.

ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. జోగిపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా కంది పూత మీద ఉంది. ఆ సాయంత్రపు ఎండలో పసుపు ఎక్కడ ఆగుతుందో, ఎండ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. నన్ను చూడగానే సుక్కి ఎలా అరుస్తుందో, బాపు "వచ్చినవా బిడ్డా, బతికిచ్చినవ్" అని ఎలా అంటాడో దారంతా ఊహించుకుంటూనే వచ్చాను.

ఇంటి ముందు ఎవరూ లేరు. పెట్టె మోసుకుంటూనే వెనక్కి వెళ్తుంటే కొట్టంలోంచి ఎవరో వల్లెవేస్తున్నట్టు వినిపించింది. "సోడెం, మెగ్నీసెం, అల్మీనం, సిల్కాను..." తొంగి చూశాను. నా పసుపు చున్నీ తలకు చుట్టుకుని, మోకాళ్ల మధ్య చెంబు పెట్టుకుని, కళ్లు మూసుకుని బాపు పాలు పితుకుతున్నాడు. బడి మొహం సరిగ్గా చూడని మా బాపు వరస తప్పకుండా చెబుతున్నాడు. సుక్కి హాయిగా నెమరు వేస్తోంది. ఫోన్ ఎక్కడా లేదు. చెంబులో నురగ అంచు దాకా వచ్చింది. నాకు నవ్వు పొంగింది, దాని వెనకే గుండెలో కలుక్కుమంది. నేను లేకుండా అంతా నడిచిపోతోంది.

"బాపూ" అన్నాను. ఆయన కళ్లు తెరిచి, నన్ను చూసి, ముందు చున్నీ లాగి దాచుకున్నాడు. ఆ తర్వాత నా చేతిలోని పెట్టె చూశాడు. "ఏంది బిడ్డా, గంత పెద్ద పెట్టె?" దారిపొడవునా సిద్ధం చేసుకున్న మాట అప్పజెప్పాను. "సుక్కి కోసం వచ్చేసిన. మీకు కష్టమైతుందని. ఇగ గీడనే సదువుకుంట." ఈలోగా అమ్మ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

బాపు చెంబు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఆయన అడిగింది అదే కదా, ఇల్లు ఆగమైతే తిరిగి రావాలని. అవునని ఒక్కసారి తలూపితే చాలు, నేను ఉండిపోయేదాన్ని. నాకు కావాల్సిందీ అదే. ఆయన చెంబు ఎత్తి నాకు చూపించాడు. "సుక్కికి ఏం తక్లీఫ్ లేదు బిడ్డా. పెసర కుళ్లిన వానలప్పటి సంది నేనే సదువుకుంట పిండుతున్న. రోజు నీ నోట విని విని నాకు నోటికొచ్చింది."

"మరి పొద్దున్నే ఫోన్ ఎందుకు జేస్తున్నవ్?"

ఆయన సుక్కి వీపు మీద లేని గడ్డిపరకను దులిపాడు. అమ్మే చెప్పింది. "ఆ ఫోను జెయ్యకపోతే మీ బాపుకు పొద్దుగాల చాయ్ దిగుతలేదు."

"బర్రె జల్దీనే అలవాటు పడ్డది బిడ్డా" అన్నాడు బాపు, నా వైపు చూడకుండా. "నాకే అయితలేదు. నాకు బెంగైతుందంటే నీ సదువు పాడైతదని, దాని పేరు జెప్పిన." ఆ తర్వాత మామూలు కోపంతో, "సోమవారం మొదటి బస్సుకు పోవాలె. పరీక్ష తప్పితే మళ్ల రాయాలె గని, బర్రెను అడ్డం వెడ్తవా?" అన్నాడు. పరీక్ష సంగతి నేను చెప్పనే లేదు. నా మొహం చూసి ఆయనే పసిగట్టాడు. నేను అక్కడే గడ్డిమోపు మీద కూలబడి, బస్టాండులో ఏడవని ఏడుపంతా ఏడ్చాను. అమ్మ లోపలికి వెళ్లి ఆ రాత్రికి జొన్నరొట్టెలు మామూలు చప్పుడుతో కొట్టింది.

సోమవారం వెళ్లిపోయాను. మర్నాడు తెల్లవారుజామున అదే వేళకు ఫోన్ మోగింది. ఇద్దరికీ చెప్పుకోవడానికి సాకు లేదు. చాలాసేపు చీపురు చప్పుడే వినిపించింది. "నిద్ర లేపిననా?" అన్నాడు చివరికి. "లేదు బాపూ, లేచే ఉన్న" అన్నాను (పచ్చి అబద్ధం). "తిన్నవా?" అన్నాడు. ఆ వేళప్పుడు ఎవరు తింటారు? "తిన్న" అన్నాను. చలికాలానికి సుక్కి ఒట్టిపోయింది, కంది బాగా పండింది, నేను తప్పిన పరీక్ష మళ్లీ రాసి గట్టెక్కాను. వేసవిలో ఏడాది నిండింది. దాని మాట బాపు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. అప్పుడప్పుడు చీకటితోనే మెలకువ వస్తే ఆ పిల్ల కనిపిస్తుంది, దుప్పటి కప్పుకుని, వరండా గోడకు ఆనుకుని, ఫోన్‌లోకి మూలకాల పేర్లు చదువుతూ, ఇంటిల్లిపాదిలో తన మీద బెంగ పెట్టుకున్నది బర్రె ఒక్కటేనని నమ్మి ముక్కు చీదుకుంటూ. దగ్గరికి వెళ్లి, ఓసి పిచ్చిదానా, వింటున్నది ఎవరనుకున్నావు అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెబితే సిగ్గుపడి మధ్యలో ఆపేస్తుందేమోనని, నవ్వుకుని ఊరుకుంటాను.