కొత్త నీళ్ళకు పసుపు

పంకజాక్షి ఈత కొడితే గుండ్రంగా కొడుతుంది. తప్పు ఆమెది కాదు, బావిది. కాణిపాకం అవతల వాళ్ళ నాయన తవ్వించిన మోటబావి గుండ్రంగా ఉండేది. ఎండిన సొరబుర్ర నడుముకు కట్టి ఆయన కూతుర్ని అందులోకి తోసేశాడు. పిల్ల మునిగింది, తేలింది, కన్నతండ్రని కూడా చూడకుండా తిట్టింది, ఆ తర్వాత గోడ వెంబడే తిరగడం మొదలెట్టింది. పెళ్ళయి తిరుపతికి వచ్చేదాకా తిరుగుతూనే ఉంది.

తిరుపతిలో మొగుడు ధనశేఖర్‌కు స్టీలు సామాన్ల అంగడి. బిందెలు అమ్మడం ఆయన పని, బిందెల్లోకి నీళ్ళు తేవడం ఆమె పని. ట్యాంకరు వెనక పరుగెత్తడంలోనే పంకజాక్షికి నడివయసు వచ్చేసింది. ఈలోపల కరువుకు నాయన బావి కూడా ఎండింది. చూడబోతే అడుగున మేకపిల్ల ఒకటి గడ్డి మేస్తోంది. ఆమె ఏడవలేదు. దాన్ని పైకి ఎట్లా తెస్తారని మాత్రం అడిగింది.

సరిగ్గా ఆ కరువు రోజుల్లోనే ఊళ్ళో వినోద కేంద్రం తెరిచారు. తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళో ఈదడానికి నీళ్ళు పెట్టడం అంటే దాన్ని నడిపే కమిటీ వాళ్ళకే చెల్లింది. షటిల్ ఆడే చోటు, క్యారమ్స్ గది, వాటి వెనక పొడుగాటి ఈత కొలను. కొలనులో పొడుగునా తాళ్ళు కట్టి బాటలు తీశారు. మొదట్లో దిగేవాళ్ళ కంటే టిక్కెట్టు కొని చూసేవాళ్ళే ఎక్కువ. తలనీలాలిచ్చి కొండ దిగి వచ్చిన గుండ్లు కూడా మెట్ల మీద వరసగా కూచుని, బస్సు టైమయ్యేదాకా నీలం నీళ్ళను చూసిపోయేవి.

శుక్రవారం సాయంత్రం ఒక గంట ఆడవాళ్ళకని బోర్డు పెట్టారు. ఆ బోర్డు చూసిన రాత్రి పంకజాక్షి మొగుడికి రెండు ముద్దలు ఎక్కువ వడ్డించింది. ధనశేఖర్‌కు విషయం అర్థమైంది. పొమ్మన్నాడు, కానీ ఎవరైనా అడిగితే భజనకు పోతోందని చెప్తానన్నాడు. అట్లా తిరుపతి చరిత్రలో కళ్ళు ఎర్రబడి, జుట్టు తడిసి, ఒళ్ళంతా బ్లీచింగు వాసనతో భజన నుంచి ఇంటికొచ్చే భక్తురాలు ఒకామె తయారైంది. ఈత బట్టలు కుట్టమంటే దర్జీ ఏ నాటకానికని అడిగాడు. పొడుగు చేతులు, పాదాల దాకా పైజామా, నడుముకు నాడా. నీళ్ళలోకి దిగితే అందులో గాలి చేరి ఆమె బుడగలా ఉబ్బేది.

నీళ్ళలోకి దిగిన మొదటి రోజు, ఇన్నేళ్ళ తర్వాత, ఆమె చేతులు కాళ్ళు ఎవరూ చెప్పకుండానే కదిలాయి. తాళ్ళను లెక్కచేయలేదు. వాటి కింద నుంచి దూరి, కొలను అంచుల వెంట చుట్టూ తిరిగింది. తిన్నగా పోవాలని బ్యాంకు మేనేజరు భార్య యశోదమ్మ చెప్పి చూసింది. తిన్నగా పోతే ఆ చివర గోడే కదా ఉండేది అంది పంకజాక్షి.

ఆమె తప్ప వచ్చేవాళ్ళలో ఒక్కరికీ ఈత రాదు. గట్టుకు కట్టిన గొలుసు పట్టుకుని మోకాళ్ళ లోతులో నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అందరికంటే చిన్నది మోహన, ఇంకా కొత్త పెళ్ళికూతురు, భయంతో పళ్ళు కొట్టుకునేవి.

"అక్కా, నేల యాడుండాదో తెలీడం లేదు."

"నేలతో నీకేం పనే? ఇన్నేండ్లు నేల మీద నిలబడి ఏం సాధించినావు?"

పంకజాక్షి ఆ పిల్ల పొట్ట కింద అరచెయ్యి పెట్టి తేలనిచ్చింది. ఒక శుక్రవారం ఆ చెయ్యి మెల్లగా తీసేసింది. మోహనకు ఆ సంగతి సగం కొలను దాటాక తెలిసింది. తెలిసి మునిగింది, కానీ అప్పటికే ఈత వచ్చేసింది. వారమంతా ట్యాంకరు దగ్గర కొట్లాడే పంకజాక్షి ఆ గంట కోసమే కొట్లాడుతున్నట్టు ఉండేది. శుక్రవారం తప్పితే ఆ వారం ఆమె వండిన సాంబారులో ఉప్పు ఉండేది కాదు.

ఎండాకాలంలో కొలను ఖాళీ చేసి కడిగారు. రంగులకు డబ్బు చాలలేదో, చాలిన డబ్బు ఇంకెక్కడికైనా పోయిందో, అంచులకూ మెట్లకూ తెల్లగా సున్నం కొట్టించారు. మళ్ళీ నీళ్ళు నింపిన తర్వాతి శుక్రవారం అందరికంటే ముందు వచ్చింది పంకజాక్షి. ఆమె పుట్టినూళ్ళో బావికి కొత్త నీళ్ళు వస్తే గంగమ్మకు పసుపు కుంకుమ ఇవ్వకుండా ఎవరూ కాలు పెట్టరు. ఇచ్చింది. మిగతావాళ్ళు రాని లోతు వైపు గట్టు మీద ఇంత పసుపు, దాని మీద కుంకుమ, నీళ్ళలో చిటికెడు. దణ్ణం పెట్టుకుని దూకింది.

ఆమె దూకినప్పుడు ఎగిసిన నీళ్ళు గట్టు మీద పడ్డాయి. పసుపు తడిసి, కొత్త సున్నం మీదుగా మెట్టు మెట్టుకూ జారింది. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో ఆంధ్రదేశంలో అడగక్కర్లేదు. పెళ్ళిపీటల మీద కూచున్న ప్రతి మగాడి మొహం చుట్టూ ఆ ఎర్రనీళ్ళు తిప్పే దిష్టి తీసి ఉంటారు. అయినా ఆడవాళ్ళు వెళ్ళాక వచ్చిన మగవాళ్ళ జట్టు ఆ మెట్ల మీది ఎరుపు చూసి దిష్టినీళ్ళని అనుకోలేదు. ముట్టుతో ఉన్న మనిషి ఎవరో కొలనులో దిగిందన్నారు. మరుసటి రోజుకు గేటు మీద కాగితం అంటించారు. అనివార్య కారణాల వల్ల ఆడవాళ్ళ గంట రద్దు. ఆ అనివార్యం ఏమిటో టీ అంగళ్ళలో చెప్పుకుని నవ్వారు.

ఆ మాట ధనశేఖర్ అంగడికీ వచ్చింది. ఆయన బిందె తుడుస్తూ విన్నాడు. ఇంటికొచ్చి, ఇంక భజన చాలన్నాడు. ఆమెను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది.

ఆడవాళ్ళు మాత్రం ఒకరినొకరు అడిగి చూసుకున్నారు. నోటితో కాదు, కళ్ళతో. చివరికి యశోదమ్మ, చిన్న వయసు వాళ్ళకు తేదీలు గుర్తుండవని కూరగాయల బండి దగ్గర అంది. దాంతో అందరి చూపులూ మోహన మీద వాలాయి. మోహన అత్తగారు కోడల్ని పెరట్లో నిలబెట్టి ఒట్టు వేయించుకుందని తెలిసిన సాయంత్రం పంకజాక్షి చెప్పులు వేసుకుంది.

కమిటీ కార్యదర్శి జయరావు రిటైరైన పెద్దమనిషి. ఇంట్లో ఎవరూ వినని మాటలు కేంద్రంలో చెప్పుకునేవాడు. ఆమె ఆయన బల్ల ముందు నిలబడి చెప్పింది.

"సార్, అది పసుపు. నేను పెట్టిందే. కొత్త నీళ్ళు గదా, పసుపు కుంకుమ ఇయ్యకుండా కాలు పెట్టేది మా తట్టు లేదు. మీ సున్నం తగిలి ఎర్రబడింది."

జయరావు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "అది నాకు ఆ పొద్దే తెలుసమ్మా. ఇంటికి పోయి చెప్తే మా ఆమె నవ్వింది."

"తెలిసీ కాగితం అంటించినారా?"

"అప్పటికే మాట బయట పడిపోయినాది. వెనక్కి తీసుకుంటే కమిటీని నవ్వుతారు."

"మమ్మల్ని నవ్వితే?"

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. నీళ్ళలో పూజ సామాన్లు వేయడం తప్పే కదా అన్నాడు. తెరిచిన నాడు మీరే అయ్యవారిని పిలిచి టెంకాయ కొట్టించారు కదా అని ఆమె అడిగింది. అది కమిటీ చేసిందన్నాడు ఆయన. అందులో తేడా ఏమిటో ఆయనకూ తెలియదు, కానీ తేడా ఉన్నట్టు ముఖం పెట్టాడు.

కమిటీకి ఆమె మాట బాగా అక్కరకు వచ్చింది. గంట రద్దు చేశాక కొందరు ఆఫీసర్ల భార్యలు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. గేటు తెరవాలి, పరువు పోకూడదు. రెండూ కావాలంటే తప్పు ఎవరిదో ఒకరిది కావాలి. ఆ తప్పు తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చి బల్ల ముందు నిలబడింది.

ఆడవాళ్ళందరినీ షటిల్ ఆడే చోటుకు పిలిపించి జయరావు చెప్పాడు. ముట్టు మాట అబద్ధమట, కమిటీ అట్లా ఎన్నడూ అనలేదట. పంకజాక్షి గారు తెలియక పసుపు వేశారట. శుక్రవారం గంట మళ్ళీ ఉంటుంది. ఆమె మాత్రం ఇక రాకూడదు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అన్నాడు.

పంకజాక్షి అక్కడే, నెట్ పక్కన నిలబడి ఉంది. యశోదమ్మ ఆకాశం చూసింది. పైన రేకుల కప్పు తప్ప ఏమీ లేదు. ఇంకొకామెకు ఆ క్షణంలోనే చెవి కమ్మ వదులైంది. మోహన తన సంచి జిప్పు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. అభ్యంతరం లేదన్న మాట. పంకజాక్షి అందరి ముఖాలూ ఒకసారి గుండ్రంగా చూసుకుని బయటికి నడిచింది.

తర్వాతి శుక్రవారం, దీపం పెట్టిన వేళ, మోహన ఆమె ఇంటి గుమ్మంలోకి వచ్చింది. కొలను నుంచి నేరుగా వచ్చినట్టుంది, జడ నుంచి నీళ్ళు కారి జాకెట్టు వీపు తడిసింది. బ్లీచింగు వాసన గది నిండా పరుచుకుంది. పంకజాక్షి ఆ వాసన ఒకసారి గట్టిగా పీల్చింది. పీల్చినట్టు కనపడకుండా పీల్చింది.

మోహన చాలా చెప్పింది. తను నోరు తెరిచి ఉంటే తన్ను కూడా తీసేసేవాళ్ళని, అత్తకు ఏదో చెప్పుకోవాలి కదా అని, అక్క పెద్దది కాబట్టి అర్థం చేసుకుంటుందని. ఇప్పుడు యశోదమ్మకు తనే నేర్పుతున్నానని కూడా చెప్పింది. పొట్ట కింద చెయ్యి పెట్టి, అక్క నేర్పినట్టే. అది చెప్పేటప్పుడు ఆ పిల్ల ముఖం వెలిగింది, వెలిగిందని తెలిసి ఆర్పుకుంది.

"నీళ్ళెట్లుండాయి?" అంది పంకజాక్షి.

"బాగుండాయక్కా. సల్లగా ఉండాయి."

"తల తుడుచుకోని పో. జలుబు చేస్తాది."

మోహన లేచింది గానీ కదల్లేదు. శుక్రవారం దీపాలవేళ ఇంటికొచ్చిన ముత్తైదువ బొట్టు పెట్టించుకోకుండా వెళ్ళదు. పసుపు కుంకుమల గిన్నెలు పంకజాక్షి చేతికందే గూట్లోనే ఉన్నాయి. మోహన గూటి వైపు చూసింది, అక్క వైపు చూసింది. ధనశేఖర్ కూడా లోపలి గదిలోంచి తొంగి చూశాడు.

పంకజాక్షి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద సాంబారు కలపడం మొదలెట్టింది. చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా గరిటె ఆపలేదు.