మా మేనత్త వద్దనుకున్నది

మా మేనత్త పోయిన కబురు నాకు ఆత్మకూరు బస్టాండులో అందింది. ఆమెను చూడ్డానికే ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉన్నాను. మామ ఫోన్ చేసి, "పాపా, మీ అత్త ఇంక లేదు. నిదానంగా రా," అన్నాడు. అంతకుముందు చేసిన ప్రతి ఫోన్‌లోనూ తొందరగా రమ్మన్న మనిషి. ఆ 'నిదానంగా' అన్న మాటకే నాకు ఏడుపొచ్చింది.

అత్త మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. గరిటె పట్టుకునే వచ్చి తరగతి కిటికీలోంచి తొంగి చూసేది. "ఏం మే, రాస్తాండావా, దిక్కులు చూస్తాండావా?" అని అరిస్తే పిల్లలంతా నవ్వేవాళ్ళు. అన్నం తాను నోట్లో వేసుకుని చూడకుండా ఎవరికీ వడ్డించనిచ్చేది కాదు.

రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలాక, చదువుకున్నదాన్నని నన్ను కూడా నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. రొమ్ము తీసేయక తప్పదని డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత ఏం చేయవచ్చో కూడా ఓపికగా వివరించింది. లోపల సిలికాన్ పెట్టి ఆకారం తేవచ్చు. పొట్ట దగ్గరి కొవ్వు, చర్మం తీసి చేయవచ్చు. ఏదీ వద్దనుకుంటే చదునుగా కుట్టేయవచ్చు. మనసు మారితే తర్వాతైనా చేయించుకోవచ్చు.

మామ చేతులు జోడించి, "ఏది మంచిదైతే అది చేయండమ్మా," అన్నాడు.

"నువ్వుండబ్బా," అంది అత్త. "అడిగింది నన్ను. చెప్పేది నేను."

పొట్ట కోస్తే అన్నం గుండిగ మళ్ళీ ఎప్పుడు ఎత్తవచ్చని అడిగింది. కొన్నాళ్ళు బరువులు ఎత్తకూడదంది డాక్టరమ్మ. అత్త, "కొత్తగా పెట్టిన దానికి చెయ్యి తగిలితే తెలుస్తాదా?" అంది. మునుపటిలా తెలియదని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

"అట్టయితే అది చూసేవాళ్ళకే గదా. నాకొద్దు."

ఇంటికొచ్చాక అవ్వ, అంటే అత్త కన్నతల్లి, అన్నం మానేసి కూర్చుంది. "మొగుడుండే ఆడదానివి. ఆదివారం గుడికి ఎట్టా పోతావే? నలుగురూ నీ ముఖం చూస్తారా, రొమ్ము చూస్తారా?"

"రొమ్ము చూసేవాళ్ళు గుడికెందుకు వస్తారుమా?" అంది అత్త. అవ్వకు నవ్వు రాలేదు.

ఆపరేషనప్పుడు ఆస్పత్రిలో పక్క మంచం మీది అమ్మాయి కొత్త రొమ్ము చేయించుకుంది. ఆమెను అత్త ఒక్క మాట అననిచ్చేది కాదు. "ఆ పిల్లకి కావాల్సి ఉండాది, చేయించుకునింది. నాకు అక్కర్లా. ఇద్దరం మా ఇష్టంతోనే చేసినాం గదా." చదువుకున్నా ఇంత తేటగా నేనెప్పుడూ ఒక మాట చెప్పలేదు.

జబ్బు ఊపిరితిత్తుల్లో తిరగబెట్టింది. చదునుగా వదిలేసినందుకే మళ్ళీ వచ్చిందని వీధిలో అన్నారు. అవ్వ కూడా నమ్మింది. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పిన మాట అందరికీ చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. చివరికి అత్త దిండుకు ఆనుకుని కూర్చునే నిద్రపోవలసి వచ్చింది. మాట్లాడాలంటే మాటకూ మాటకూ మధ్య ఆయాసం. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు రవికలో గుడ్డలు కూరనీయబాకు మే," అంది.

మా క్రైస్తవుల్లో చనిపోయిన ఆడమనిషికి ఆడవాళ్ళే స్నానం చేయించి తెల్లచీర కడతారు. కొత్త రవిక తొడిగాక ఎడమవైపు లొత్తగా పడిపోయింది. చర్చి సంఘంలోని ఒకామె తువ్వాలు మడిచి లోపల పెట్టింది.

"వద్దు పెద్దమ్మా, అత్త వద్దనింది," అన్నాను.

"పోయినాక వద్దేంది మే? ఊరంతా చూసేదానికి వస్తాండారు. నిండుగా కనపడాల."

నా మాట ఎవరూ వినలేదు. అందరూ తల దువ్వుతున్న అవ్వ వైపు చూశారు. అవ్వ దువ్వెన పక్కన పెట్టి, ఆ తువ్వాలు బయటకు లాగేసింది.

"సూది దారం తేండి," అంది.

దారం నేను ఎక్కించి ఇచ్చాను. అవ్వ వదులుగా ఉన్న గుడ్డను లోపలికి మడిచి, చిన్న చిన్న కుట్లతో రవికను ఎదకు సరిగ్గా అంటేలా కుట్టింది. వాకిట్లో పాట మొదలైంది. కుట్టడం అయిపోయాక దారం కొరకడానికి కూతురి మీదికి వంగింది. దారం తెగింది. అవ్వ చెంప ఆ చదునైన చోట ఆనింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. లెమ్మని మేమెవరమూ అనలేదు.