దేవన్న వడగట్టిన నీళ్ళు

దేవుడి పేరెత్తితే కసురుకునే లింబాద్రి ఒక క్రైస్తవ ఉపదేశి గురించి రాస్తున్నాడంటే మావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. దేవన్న కథలో నా తప్పు కూడా ఉంది. వేరేవాళ్ళు రాస్తే దాన్ని మెత్తగా దాటేస్తారు, అందుకే నేనే రాస్తున్నాను.

అప్పుడు నేను ఎల్లారెడ్డిలో ఒక చిన్న దవాఖానలో కాంపౌండరును. దేవన్నది అక్కడికి నాలుగు కోసుల దూరంలో ఉన్న ఊరి మాలవాడ. చిన్నప్పటి నుంచి పటేలు దగ్గర జీతమున్న మనిషి, ఇరవై అయిదేళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకున్నాడు. కామారెడ్డిలో ఉండే పాదిరి అయ్యగారు ఆయన్ని వాడకు ఉపదేశిగా పెట్టారు. ఆదివారం ప్రార్థన నడపడం, పిల్లలకు చదువు చెప్పడం, ఎవరికైనా జబ్బు చేస్తే బండి కట్టించి మా దగ్గరికి తేవడం ఆయన పని. మొదటిసారి వచ్చినప్పుడు చూరు కింద నిలబడే ఉన్నాడు. లోపలికొచ్చి బెంచీ మీద కూర్చో, అది అరిగిపోదులే అని కోప్పడితే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మా వాదాలు ఆ బెంచీ మీదే.

లోకం ఆరు రోజుల్లో ఎట్లా పుట్టిందని నేను అడిగేవాణ్ణి. పుట్టింది గదా, రోజులు లెక్కపెట్టడానికి నువ్వున్నావా అని ఆయన. రోగిని కోసి చూస్తే గుండె, కాలేయం కనిపిస్తాయి, ఆత్మ ఎక్కడా కనిపించదని నేను. పాట పాడినవాడి గొంతు కోసి చూస్తే పాట కనిపిస్తుందా అని ఆయన. ఆ మాటకు మూడు రోజులు కుతకుతలాడాను. పత్రికలు చదివి సంపాదించిన నా సైన్సంతా ఒక జీతగాడి దగ్గర ఓడిపోవడమా అని. మనిషి మంచివాడు. కానీ ఓడించాలన్న కసి నాలో పెరిగింది.

దానికో కారణముంది. నా కొడుకు రెండేళ్ళ వయసులో అమ్మవారు పోసి పోయాడు. మొక్కని దేవత లేదు. అప్పటి నుంచి భగవంతుడని ఎవరన్నా నాకు ఒళ్ళు మండేది. ఈ సంగతి తెలిసిన దేవన్న ఒక మధ్యాహ్నం మెల్లగా అడిగాడు.

"కొడుకు ఏడున్నడనుకుంటున్నవు సాబ్?"

"మట్టిల ఉన్నడు. ఇంకేడుంటడు."

దేవన్న కళ్ళు దించుకున్నాడు. అది నాకు జాలిలాగా తోచి ఇంకా మండింది.

1938 ఎండాకాలంలో ఆయన కుంటుతూ వచ్చాడు. కుడి చీలమండ దగ్గర పొక్కు పగిలి, తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టింది. నారికురుపు. మా వైపు మెట్ల బావుల నీళ్ళు తాగే ఊళ్ళలో అది లేని ఏడాది ఉండేది కాదు. ఆ ఏడు వాడలో మాత్రం ఆయనకొక్కడికే తేలింది. పురుగును చీపురుపుల్లకు చుట్టి, రోజుకింత చొప్పున లాగమని చూపించాను. తెగితే కాలు చీము పడుతుందని చెప్పాను. పురుగు పూర్తిగా వచ్చేదాకా ఆ కాలు తాగే నీళ్ళలో పెట్టవద్దన్నాను. నీళ్ళు తగలగానే అది పిల్లల్ని వదులుతుంది, నీళ్ళలోని నలుసంత పురుగులు వాటిని మింగుతాయి, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు మరుసటేడు కాళ్ళలో తేలుతుంది. డాక్టరు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను.

దేవన్న కంగారు పడ్డాడు. వచ్చే ఆదివారమే బాప్తిస్మాలు. ఇరవై ముగ్గురు. అయ్యగారు జ్వరంతో కామారెడ్డిలోనే ఆగిపోయి, ఆ పని ఈసారి నువ్వే జరిపించమని కబురంపారు. వాళ్ళది నీళ్ళలో ముంచి లేపే పద్ధతి. ఊరి చెరువులోకి వాడవాళ్ళను దిగనివ్వరు. ఊరిబావి సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ళు పలుగులు పట్టి తవ్వుకున్న మెట్ల బావి ఒక్కటే వాళ్ళది. స్నానానికీ తాగడానికీ అదే, ఇప్పుడు బాప్తిస్మానికీ అదే.

"ఆ పిల్లపురుగులు కండ్లకు కనబడ్తయా సాబ్?"

"కనబడయి. అద్దం పెట్టి చూస్తెనే."

"కనబడనిదాన్ని నువ్వు నమ్ముతవు. నేను నమ్మితె తప్పంటవు."

అక్కడ నేను ఆగి, నెమ్మదిగా చెప్పాల్సింది. బతిమాలాల్సింది. పాట మాటకు జవాబు దొరికిందన్న సంబరంలో నేను బెంచీ చరిచి నవ్వాను. పరిశుద్ధాత్మను పోస్తానని పోయి పురుగుల్ని పోసి వస్తావు, నీ దేవుడికి నీళ్ళు వడగట్టుకోవడం కూడా రాదు అన్నాను. దేవన్న ముఖం మాడిపోయింది. పుల్ల చుట్టిన కాలికి గుడ్డ కట్టుకొని వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆయన నడుముదాకా బావిలో దిగాడు. ఇరవై ముగ్గురినీ ముంచి లేపాడు.

మరుసటి ఎండాకాలం వాడ వాడంతా మంచాన పడింది. ముప్పై ఒక్క మందికి నారికురుపు తేలింది. ఊళ్ళో మిగతా ఎవరికీ లేదు. పోచమ్మను విడిచిపెట్టినందుకే ఆ తల్లి వాడ మీద పడిందని ఊరంతా అన్నది. విత్తనాల కాలానికి లేచి నడిచే మనిషి లేడు. దేవన్న భార్య మరియకు మోకాలు దగ్గర ఒకటి తెగి చీము పట్టి, కాలు వంకరగా బిగుసుకుపోయింది. అందరికంటే ఎక్కువ బాధపడింది లింగవ్వ. డెబ్బై ఏళ్ళ ముసలిది, ఒంట్లో నాలుగు తేలాయి. అయినా మూలుగుల మధ్య పాటలు పాడేది. ఇది తండ్రి పెట్టిన పరీక్ష, ఓర్చుకుంటే గట్టెక్కుతామని మిగతావాళ్ళకు ధైర్యం చెప్పేది. ఆమె మాట మీదే వాడ నిలబడింది.

మందు పట్టుకొని నేను వెళ్ళాను. దేవన్న నన్ను బావిగట్టు దగ్గరికి తీసుకుపోయాడు.

"నిజం చెప్పు సాబ్. ఇది నా కాలుతోనే వచ్చిందా?"

ఏడాదిగా నేను ఎదురుచూసిన గెలుపు అదే. నోట్లో చేదు తప్ప ఇంకేమీ లేదు. చెప్పలేమని అబద్ధమాడవచ్చు. కానీ మళ్ళీ ఎవరో పుండుకాలుతో అందులో దిగుతారు.

"నీ కాలుతోనే వచ్చింది దేవన్నా," అన్నాను.

దేవన్న కామారెడ్డి వెళ్ళి, ఈ నిజం వాడకు చెప్పాలా అని అయ్యగారిని అడిగి వచ్చాడు. చెప్పకు, ఉన్న నమ్మకం కూడా పోతుంది అన్నారట అయ్యగారు. ఆయన మాటలోనూ న్యాయముంది. చెబితే వాడ దేవన్న మీద ఉమ్ముతుంది, పోచమ్మ దగ్గరికి మళ్ళుతుంది, ఆయన బతుకంతా చేసిన పని మట్టిపాలవుతుంది. చెప్పకపోతే జనం బావిలో దిగడం మానరు, పురుగు ప్రతి ఏడూ వస్తుంది. రెండు రాత్రులు ఆయన నిద్రపోలేదని మరియ నాతో చెప్పింది.

ఆదివారం మంచాలన్నీ ప్రార్థన పాక ముందు వేశారు. నేనూ వెళ్ళాను. దేవన్న ప్రార్థన చేయలేదు, పుస్తకం తెరవలేదు.

"ఇది దేవుడు పెట్టిన పరీక్ష కాదు. పోచమ్మ కోపం కాదు. పుండుకాలుతోని బావిల దిగిన. దిగొద్దని కంపౌండరు సాబు చెప్పిండు, నేను ఇనలే. ఇది నేను పెట్టిన."

తిడతారనుకున్నాను, రాళ్ళు వేస్తారనుకున్నాను. లింగవ్వ మాత్రం మోచేతి మీద లేచి ఆయన్ని చాలాసేపు చూసింది.

"దేవుడు పెట్టిండంటె ఓర్సుకున్న బిడ్డా," అంది. "నువ్వు పెట్టినవంటె ఎట్ల ఓర్సుకోవాలె?"

ఆ మాట తర్వాత ఆమె పాడలేదు. వాడలో సగం ఇళ్ళు పోచమ్మకు కోడిని కోసుకున్నాయి. అయ్యగారు దేవన్నను ఉపదేశి పనిలోంచి తీసేసి వేరే మనిషిని పంపారు. దేవన్న మళ్ళీ కూలికి పోయాడు. కానీ పొద్దున్నే, సాయంత్రం బావి దగ్గర నిలబడేవాడు. ఎవరినీ మెట్లు దిగనిచ్చేవాడు కాదు. తనే మోటు తాడు కట్టిన బొక్కెనతో నీళ్ళు తోడి, మరియ పాత చీర నాలుగు మడతలు వేసి, ప్రతి కడవకూ వడగట్టి పోసేవాడు. తిట్టినవాళ్ళ కడవకు కూడా. లింగవ్వ మాత్రం ముఖం తిప్పుకొని, తన నీళ్ళు తన గుడ్డతోనే వడగట్టుకునేది.

1941 ఎండాకాలం వాడలో ఒక్కరికీ నారికురుపు తేలలేదు. ఆ కబురు చెప్పడానికి సాయంత్రం బావి దగ్గరికి వెళ్ళాను. దేవన్నకు అప్పటికే తెలుసు. ఉప్పొంగిపోతాడనుకున్నాను. గుడ్డ దులిపి మళ్ళీ కడవ మూతికి కప్పాడంతే. ఇంకా నమ్ముతున్నావా నీ దేవుణ్ణి అని అడిగాను. ఈసారి వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. రోజూ అడుగుతున్నాను, జవాబు రావడం లేదు, అయినా అడగడం మానలేకపోతున్నాను అన్నాడు.

చివరికి, మూడేళ్ళుగా నాలో నలుగుతున్నది కూడా అడిగేశాను. ఆ రోజు నా మాట ఎందుకు వినలేదని.

దేవన్న బొక్కెన కింద పెట్టాడు.

"నువ్వు నవ్వకుంటె ఇనేటోణ్ణి సాబ్."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి. నేను తలకాయ వంచుకొని నిలబడి ఉండగానే లింగవ్వ కుంటుతూ వచ్చింది. మా ఇద్దరినీ చూసింది. తన కడవ తెచ్చి దేవన్న ముందు పెట్టింది. దేవన్న దాని మూతికి కప్పిన గుడ్డ గాలికి ఎగిరిపోతోంది. దాని రెండో కొస నేను పట్టుకున్నాను.